కొమ్మెక్కని ప్లీడరు

అనగనగా ఒక అడవి. అడవంటే అల్లాటప్పా అడవి కాదు పిల్లలూ. పొద్దున బయల్దేరిన సూర్యుడు ఆ అడవిని దాటేలోపు రెండుసార్లు ఆగి మంచినీళ్ళు తాగేవాడు. దాని నట్టనడుమ ఒక నల్లమద్ది చెట్టు ఉండేది. పైకొమ్మ నుంచి పండుటాకు ఒకటి రాలితే, అది నేలకు చేరేలోపు కిందికొమ్మన చిగురు పుట్టి, ముదిరి, పండి, తానూ రాలడానికి సిద్ధంగా నిలబడేది. అంత పొడుగు చెట్టు. నమ్మనివాళ్ళు వెళ్ళి కొలుచుకోవచ్చు.

ఆ చెట్టు మీదే అడవి కోర్టు. జడ్జీగారు ఒక ముసలి కొండముచ్చు. పేరు వీరరాఘవులు. నల్లటి మొహం, చుట్టూ వెండి గడ్డం, మూరల లెక్కకు అందని తోక. ఒకప్పుడు రెండు కొండలు నా నీడ నువ్వు తొక్కావంటే నువ్వు తొక్కావని కలబడితే, ఈయనే మధ్యన కూర్చుని రాజీ చేశాడు. ఆ కొండలు ఇప్పటికీ పక్కపక్కనే కిమ్మనకుండా ఉన్నాయి. అదీ ఆయన తీర్పు బలం.

ఆయన తోక పైకి లేస్తే తీర్పు వస్తోందని గుర్తు. తోక కిందికి దిగితే తీర్పు అయిపోయినట్టే. ఇక బ్రహ్మదేవుడు వచ్చి బతిమాలినా మారదు.

మనసు మాత్రం వెన్న. ఎవరు ఏడ్చినా తనూ ఏడ్చేవాడు. రోజూ పొద్దున కోర్టు మొదలుపెడుతూ ఒకే మాట చెప్పేవాడు.

"నా కోర్టులో పక్షపాతం లేదు. పులీ పిల్లీ నాకు ఒకటే."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అనేవాడు.

కోర్టుకు రెండు పద్ధతులు ఉండేవి. మొదటిది కొమ్మ పద్ధతి. జడ్జీగారి కొమ్మకు ఎదురుగా ఇంకో కొమ్మ ఉంది. ప్లీడరు అన్నవాడు దాని మీద నిలబడే వాదించాలి. 'కొమ్మ మీది మాటే మాట, కింది మాట గాలి మాట' అని తాతల నాటి సామెత.

రెండోది గాటు పద్ధతి. గుమాస్తా వడ్రంగిపిట్ట. అతని పేరు బ్రహ్మయ్య. ఫిర్యాది తరఫు మాటలకు చెట్టుమానుకు కుడివైపున, ముద్దాయి తరఫు మాటలకు ఎడమవైపున ముక్కుతో గాట్లు పెట్టేవాడు. అయితే ప్రతి మాటకూ కాదు. జడ్జీగారు తల ఊపిన మాటకే గాటు.

"మంచి మాట వింటే నా తల దానంతటదే ఊగుతుంది, బ్రహ్మయ్యా. నువ్వు నా తలను చూసి గాటు పెట్టు, చాలు," అని ఆయన ఆజ్ఞ. చివర్లో జడ్జీగారు చెయ్యి చాపి మానును రెండువైపులా తడిమేవాడు. ఎటు గాట్లు ఎక్కువైతే అటు తీర్పు.

ఆ కోర్టులో పేరుమోసిన ప్లీడరు గోరింక పానకాలు. పేరుకు తగ్గ గొంతు. అతను వాదిస్తుంటే తేనెటీగలు పూలు వదిలేసి అతని నోటి చుట్టూ మూగేవి. ఎండాకాలంలో నోరు తెరవడానికి భయపడేవాడు పాపం, చీమలు పడతాయని.

ఒకరోజు ఆ కోర్టుకు కొత్త ప్లీడరు వచ్చింది. తీతువు నాంచారమ్మ. నల్ల కోటు, తెల్ల చొక్కా పుట్టుకతోనే తొడుక్కొచ్చినట్టు ఉండే పిట్ట. పసుపుపచ్చ కాళ్ళు. మూడు కొండల అవతల తాబేలు పంతులు దగ్గర పన్నెండేళ్ళు ధర్మశాస్త్రం చదివింది. ఆ తాబేలు ఒక్క సూత్రం చెప్పడానికి ఒక వానాకాలం పట్టేది. మిగతా శిష్యులు విసిగి మధ్యలోనే లేచిపోయారు. ఈమె మాత్రం కదలలేదు.

కానీ తీతువంటే ఏమిటో మీకు తెలుసుగా. తీతువు కూస్తే ఎవరో పోతారని ఊళ్ళోనూ అనుకుంటారు, అడవిలోనూ అనుకుంటారు.

నాంచారమ్మ చెట్టుకింద నిలబడి గొంతు సవరించుకోగానే వీరరాఘవులు గుండె గుభేలుమంది. ఎంతో జాలిగా అడిగాడు.

"ఎవరు పోయారమ్మా?"

"ఎవరూ పోలేదండి. నేను ప్లీడరుని. నత్త తరఫున వచ్చాను. నత్త నడిచే దారిలో అడవిపందులు పొర్లుతున్నాయని ఫిర్యాదు," అంది నాంచారమ్మ.

"ప్లీడరువా? సంతోషం తల్లీ. అయితే కొమ్మెక్కు."

"మాకు కొమ్మను పట్టుకునే వెనకవేలు లేదండి. మేం నేల పిట్టలం. ఇక్కణ్ణుంచే చెప్పుకుంటాను."

"అట్లా కుదరదమ్మా. నాకు పక్షపాతం లేదు. అందరికీ ఒకటే కొమ్మ," అన్నాడు వీరరాఘవులు ప్రేమగా.

నాంచారమ్మ ఎగిరి కొమ్మ మీద వాలింది. వాలడం వరకే. కాళ్ళు జారాయి. దబ్బున కిందపడింది. అడవి అంతా నవ్వింది. ఆ నవ్వుకు పక్క వాగులో నీళ్ళు ఒక గడియసేపు వెనక్కి పారాయి.

"ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తుందని విన్నాను. రెండు పాదాల మీద పడుతుందని ఇవాళే చూశాను," అన్నాడు పానకాలు.

నత్త ఓడిపోయింది. వీరరాఘవులు మనసు మాత్రం చివుక్కుమంది. పిట్టకు దెబ్బ తగిలిందేమోనని పక్క చెట్టు నుంచి ఒక తునికిపండు కోసి స్వయంగా కిందికి జారవిడిచాడు. తీతువులు పళ్ళు తినవు. అయినా పెద్దాయన నొచ్చుకుంటాడని నాంచారమ్మ దాన్ని ముక్కున కరుచుకుని వెళ్ళింది.

రెండోసారి కప్పల తరఫున వచ్చింది. ఈసారి కొమ్మ జోలికి పోలేదు. నేల మీదే నిలబడి చెప్పింది.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు వీరరాఘవులు మళ్ళీ.

"ఎవరూ పోలేదండి. కప్పల మడుగులో దున్నలు దిగుతున్నాయండి."

ఆమె మాట్లాడినంతసేపూ ఆయన ఎడమచెవి దురద పెట్టింది. గోక్కున్నాడు. పానకాలు వైపు తిరిగి ఆవలించాడు. మెల్లగా శివశివ అనుకున్నాడు. ఇవన్నీ చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. కప్పలు ఓడిపోయాయి.

మూడోసారి వచ్చిన వ్యవహారం మాత్రం ఆటపాటల వ్యవహారం కాదు.

అడవికోడి సీతాలు ఐదు గుడ్లు పెట్టింది. వాగు ఒడ్డున పొదలో వాటి గూడు. ఆదివారం చిన్నపాటి వాన కురిసింది. సోమవారం పొద్దున గుడ్లు ఐదూ ఉన్నాయి. మంగళవారం పొద్దున మేతకు వెళ్ళివచ్చి చూస్తే ఒక్కటీ లేదు. పొద ముందు ఇసుకలో ఉడుము తోక ఈడ్చిన గీత ఒకటి కనిపించింది. ఆ వాగు ఒడ్డున ఉండే ఉడుము ఒక్కడే. పోలయ్య.

సీతాలు ఏడుస్తూ పోలయ్య వైపు రెక్కెత్తి చూపించింది. అంతే. అడవి మొత్తం నమ్మింది.

గుడ్ల దొంగకు శిక్ష ఏమిటంటే, మాడుకొండ మీదికి తరిమేయడం. మాడుకొండ మీద నీటిచుక్క లేదు. నీడ కూడా దాహమేసి కిందికి దిగివచ్చేసే కొండ అది. ముందు ఎండాకాలం ఉంది. పోలయ్య అక్కడికి పోతే మళ్ళీ వాన చూడడు. అది అందరికీ తెలుసు, పోలయ్యకూ తెలుసు.

పోలయ్య తరఫున ఏ ప్లీడరూ రానన్నాడు. నాంచారమ్మ వచ్చింది.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు వీరరాఘవులు.

"ఇంకా ఎవరూ పోలేదండి. పోకుండా చూద్దామనే వచ్చాను," అంది నాంచారమ్మ.

ముందు పానకాలు కొమ్మెక్కాడు. గొంతు సవరించాడు.

"ధర్మప్రభువులకు దండాలు. ఉడుము గుడ్లు తింటుందని పాలుతాగే పిల్లకూడా చెబుతుంది. పోలయ్య తాత తిన్నాడు. తండ్రి తిన్నాడు. ఇక పోలయ్య ఉపవాసం ఉంటాడా? ఈ కొమ్మ మీంచే చూశాను, ఇసుకలో తోక గీత గూటిదాకా వెళ్ళింది. తోక అబద్ధం చెబుతుందా?"

వీరరాఘవులు తల ఊగింది. టక్. మళ్ళీ ఊగింది. టక్ టక్. పానకాలు మాటలకు తల ఊగిన ఊపుకు ఆ చెట్టుమీది కాయలన్నీ కాలం కాకుండానే రాలిపోయాయి.

తర్వాత నాంచారమ్మ కింది నుంచి చెప్పింది. చాలాసేపు చెప్పింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. పోలయ్య కళ్ళార్పకుండా జడ్జీగారి తలనే చూస్తున్నాడు. ఆ తల ఊగలేదు.

నాంచారమ్మ మాటలు ముగిశాయి. వీరరాఘవులు తోక నిటారుగా పైకి లేచింది. ఆయన చెయ్యి చాపి మాను కుడివైపు తడిమాడు. గాట్లతో గరుకుగా, పనసతొక్కలా ఉంది. ఎడమవైపు తడిమాడు. నున్నగా ఉంది. చంటిపిల్ల బుగ్గలా ఉంది.

తోక దించబోయాడు. చెయ్యి మాత్రం మాను మీదినుంచి రాలేదు. ఇంకోసారి తడిమాడు.

"బ్రహ్మయ్యా, ఎడమవైపు ఒక్క గాటూ లేదేం?"

"తమరు తల ఊపలేదండి," అన్నాడు బ్రహ్మయ్య.

"ఒక్కసారి కూడానా? ఆ పిట్ట మధ్యాహ్నం దాకా మాట్లాడిందిగా?"

"మాట్లాడిందండి. తమరు ఊపలేదండి."

"మరి కప్పల వ్యవహారంలో?"

"అప్పుడూ నున్ననే. నత్త వ్యవహారంలో కూడా నున్ననే." బ్రహ్మయ్య మాను మీద ముక్కు తుడుచుకున్నాడు. "తప్పుగా అనుకోకపోతే ఒక మాట. ఇందాక పానకాలుగారు తుమ్మారు. దానికి తమరు రెండుసార్లు ఊపారు. రెండు గాట్లు పెట్టాను."

వీరరాఘవులు నాంచారమ్మ ఏం చెప్పిందో గుర్తుచేసుకోబోయాడు. ఒక్క మాటైనా గుర్తుకు రాలేదు. ఆమె మాట్లాడినంతసేపూ తను ఏం చేశాడో మాత్రం గుర్తొచ్చింది. మేనమామ దగ్గు తగ్గిందా? పెద్దక్క మోకాలి నొప్పి ముదిరిందా? ఈసారి పోయేది ఎవరు? మధ్యాహ్నం దాకా ఆయన మనసు చుట్టాల ఇళ్ళన్నీ తిరిగి వచ్చింది. పోలయ్య దగ్గరికి ఒక్కసారీ వెళ్ళలేదు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయనకు తన కొమ్మ ఊగుతున్నట్టు అనిపించింది.

"నాంచారమ్మా," అన్నాడు నెమ్మదిగా, "నా కోర్టులో పక్షపాతం లేదని రోజూ అంటాను. మరి ఆ పక్షపాతం ఎక్కడ జరిగిందంటావు?"

"తాబేలు పంతులు చెప్పాడండి. పక్షం అంటే రెక్క. పాతం అంటే పడటం," అంది నాంచారమ్మ. "మొదటిరోజు ఆ కొమ్మ మీంచి రెక్కలతో సహా పడింది నేనే కదండీ."

ఈసారి వీరరాఘవులు ఒక్కడే నవ్వాడు, కళ్ళనిండా నీళ్ళతో.

"నిన్ను చూస్తే నాకు చావు గుర్తుకొస్తుంది తల్లీ. అదీ నా రోగం," అన్నాడు.

"మేం చావును చూసి కూయమండి. నక్క వస్తుంటే చూసి కూస్తాం. లేచి పరిగెత్తినవాళ్ళు బతుకుతారు. లేవనివాళ్ళు పోతారు. బతికినవాళ్ళకు మా కూత గుర్తుండదు. పోయినవాళ్ళ చుట్టాలకే గుర్తుంటుంది."

కొమ్మ మీద పానకాలు కదిలాడు.

"ప్రభూ, తోక లేచింది. లేచిన తోక దిగాలి. అందరూ ఆకలిమీద ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా తమరు తోక ఎత్తి ఆపింది లేదు. ఒక్క ఉడుము కోసం పరువు పోగొట్టుకుంటారా?"

వీరరాఘవులు కింద జనాన్ని చూశాడు. ఏనుగులు, దుప్పులు, కుందేళ్ళు, అందరూ ఆయన తోక వైపే చూస్తున్నారు. తోక దించితే ముప్పై ఏళ్ళ పేరు చెక్కుచెదరదు. దించకపోతే, ఇన్నాళ్ళూ ఎన్ని తీర్పులు ఇట్లా ఇచ్చావని ఎవరైనా అడుగుతారు. తర్వాత పోలయ్యను చూశాడు. పోలయ్య పెదాలు అప్పుడే ఎండిపోయి ఉన్నాయి.

"తోక పైనే ఉంటుంది," అన్నాడు వీరరాఘవులు. "పానకాలూ, నా పరువుకు నీళ్ళు అక్కర్లేదు. పోలయ్యకు కావాలి. నాంచారమ్మా, మొదటినుంచి చెప్పు. ఈసారి వింటాను."

"చెబితే చాలదండి. దిగివచ్చి చూడాలి."

అడవి గుసగుసలాడింది. వీరరాఘవులు నేలకు దిగి ముప్పై ఏళ్ళు. నేల మెత్తగా ఉంటుందో గట్టిగా ఉంటుందో కూడా మరిచిపోయాడు. అయినా దిగాడు. కొమ్మ కొమ్మా పట్టుకుని, తోక మాత్రం నిటారుగా ఉంచి దిగాడు. ఆ తోకకు తట్టుకుని మబ్బు ఒకటి చిరిగిందని చూసినవాళ్ళు చెప్పుకుంటారు.

నాంచారమ్మ ముందు నడిచింది. వెనక జడ్జీగారు. ఆయన వెనక పానకాలు, సీతాలు, పోలయ్య, మిగతా అడవి. పొద దగ్గరికి రాగానే ఆమె రెక్క అడ్డంపెట్టింది.

"ఇక్కడే ఆగండి. ఇసుక తొక్కకండి."

"రెండు రోజుల్నుంచి ఇటు ఎవరూ రాలేదా? ఇసుక చెదరనేలేదే," అన్నాడు వీరరాఘవులు.

"వచ్చారండి. వచ్చినప్పుడల్లా కూశాను. అందరూ చెవులు మూసుకుని వేరే దారిన పోయారు. నా కూత మొదటిసారి ఒక పనికి వచ్చింది," అంది నాంచారమ్మ. "ఇక వంగి ఆ తోక గీతను చూడండి."

వీరరాఘవులు వంగాడు. గడ్డం ఇసుకకు తగిలింది.

"గీత ఉంది. గీత నిండా చిన్నచిన్న గుంటలు ఉన్నాయి. అమ్మవారు పోసినట్టు."

"అవేమిటండీ?"

వీరరాఘవులు ఇంకా వంగాడు. చూపుడువేలు ఒక గుంట పక్కన పెట్టి చూశాడు. సరిగ్గా ఒక నీటిబొట్టంత ఉంది.

"వాన చినుకులు. గీత మీద వాన పడింది."

"వాన ఎప్పుడు పడిందండీ?"

"ఆదివారం," అన్నాడు వీరరాఘవులు. మెల్లగా తల పైకెత్తాడు. "గీత వానకంటే ముందుది. గుడ్లు సోమవారం దాకా ఉన్నాయి. పోలయ్య వచ్చిపోయిన తర్వాత కూడా గుడ్లు ఉన్నాయి."

"వాగుకు నీళ్ళకు వెళ్ళానయ్యా. ఆ దారే దగ్గర," అన్నాడు పోలయ్య. మొదటిసారి నోరు విప్పాడు.

"మరి ఈ గుంటలు నాకు కనిపించలేదేం?" అన్నాడు పానకాలు.

"కొమ్మ మీంచి చూస్తే గీతే కనిపిస్తుంది బాబూ," అంది నాంచారమ్మ. "చినుకులు కనిపించాలంటే నేల మీద ఉండాలి."

పానకాలు ఎగిరివచ్చి నేల మీద వాలాడు. తల వంచి, ఒక కన్నుతో చూశాడు, రెండో కన్నుతో చూశాడు.

"మరి నా గుడ్లు ఎవరు తీసినట్టు?" అంది సీతాలు.

"ఎవరో నాకు తెలియదమ్మా. తెలియనిది చెప్పను," అంది నాంచారమ్మ. "కానీ వాన తర్వాత ఈ ఇసుక మీద ఎన్ని అడుగులు ఉన్నాయో చూడు."

సీతాలు చూసింది. "నావే. ఇంకెవరివీ లేవు."

"అంటే దొంగ పక్కనుంచి రాలేదు. పొద మీద ముళ్ళకంప దట్టంగా ఉంది, పైనుంచీ రాలేదు. ఇక ఏ దారి మిగిలింది?"

వీరరాఘవులు గూట్లో చెయ్యి పెట్టాడు. ఎండుటాకులు తీశాడు. కింద మన్ను మెత్తగా తగిలింది. వేలు పెడితే మోచేయి దాకా దిగింది.

"కిందినుంచి," అన్నాడు.

బొరియ అది. ఆయన చెయ్యి భుజం దాకా పెట్టి వెతికాడు. ఏదో గుండ్రంగా తగిలింది. బయటికి తీశాడు. గుడ్డు. ఇంకోటి తీశాడు. మూడోసారి చెయ్యి పెడితే మెత్తగా, బొచ్చుగా తగిలింది. లాగాడు. ఒక పందికొక్కు బయటికి వచ్చింది. మీసాలకు పచ్చసొన అంటుకుని ఉంది. నిద్రమొహంతో చుట్టూ ఉన్న జనాన్ని చూసింది.

"ఇంతమంది వచ్చారేం? ఎవరు పోయారు?" అంది.

అప్పుడు నవ్వింది చూడండి అడవి. మాడుకొండ మీది రాళ్ళు కూడా దొర్లాయట.

మూడు గుడ్లు పందికొక్కు కడుపులోకి వెళ్ళిపోయాయి. రెండు మిగిలాయి. సీతాలు వాటిని రెక్కల కింద పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పందికొక్కుకు మాడుకొండ శిక్ష పడలేదు. ఆ శిక్షను ఎవరికీ వేయకూడదని వీరరాఘవులు అప్పుడే అనుకున్నాడు. ఏడాదిపాటు అడవిలో ఎవరి గూటికి మన్ను కావాలన్నా తవ్వి మోయమన్నాడు.

"పోలయ్య తప్పు లేదు. తప్పు నాది," అని పదిమందీ వినేలా చెప్పి తోక దించాడు. అంతసేపు ఎత్తి ఉంచిన ఆ తోక మీద అప్పటికే ఒక సాలీడు గూడు అల్లి, కాపురం పెట్టి, పిల్లల్ని కూడా కన్నది. వాటిని జాగ్రత్తగా దించి పొదలో పెట్టారు.

మర్నాడు కోర్టు పద్ధతులు మారాయి.

"కొమ్మ కావలసినవాళ్ళకు కొమ్మ. నేల కావలసినవాళ్ళకు నేల. నీళ్ళలోంచి మాట్లాడేవాళ్ళుంటే నేనే వాగు ఒడ్డుకు వస్తాను," అన్నాడు వీరరాఘవులు. "బ్రహ్మయ్యా, ఇకమీద చెప్పిన ప్రతి మాటకూ గాటు పెట్టు. నా తలను చూడకు. దాని సంగతి నేను చూసుకుంటాను."

"ముక్కు అరిగిపోతుందండి," అన్నాడు బ్రహ్మయ్య.

"అరగనీ. ఇన్నాళ్ళూ సగమే వాడావు."

నత్త వ్యవహారం, కప్పల వ్యవహారం మళ్ళీ విచారించారు. కప్పలకు కబురు పంపారు. నత్తకు కబురు అక్కర్లేకపోయింది. అది కోర్టు నుంచి ఇంటికి బయల్దేరి ఇంకా చెట్టునీడ కూడా దాటలేదు.

వీరరాఘవులు చెవి దురద ఒక్కరోజులో పోలేదు. నాంచారమ్మ నోరు తెరిస్తే చెయ్యి అటే పోయేది. పోయినప్పుడల్లా ఆయన రెండో చేత్తో దాన్ని పట్టుకుని, "ఆ మాట జారిపోయింది తల్లీ, ఇంకోసారి చెప్పు," అనేవాడు. ఆమె చెప్పేది. కొన్ని మాటలు మూడుసార్లు చెప్పవలసి వచ్చేది. మూడుసార్లూ ఓపికగా చెప్పేది. ఓపికకు ఆమె తాబేలు శిష్యురాలు కదా.

తీర్పు వచ్చిన రోజు సాయంత్రం పోలయ్య వాగులో మూతి పెట్టి నీళ్ళు తాగాడు. ఎంతసేపు తాగాడంటే వాగు ఒక జానెడు తగ్గింది. ఆపై తన బండ కింద చేరి కళ్ళు మూసుకున్నాడు. వీరరాఘవులు ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. క్షమించమని ఎట్లా అడగాలో ఆయనకు తెలియడం లేదు.

ఇంతలో సీతాలు వచ్చింది. రెండు గుడ్లూ ఎండుగడ్డిలో చుట్టి, ముక్కుతో ఈడ్చుకుంటూ వచ్చింది. పోలయ్య ముందు ఆగింది.

"ఆ పొద కింద అంతా గుల్లయిపోయింది, పోలయ్య మావా. ఈ బండ కింద మన్ను గట్టిగా ఉంది. కాస్త చోటిస్తావా?"

పోలయ్య ఒక కన్ను తెరిచాడు.

"నా పక్కనా? గుడ్లు పెట్టుకుని? అడవంతా నవ్వుతుంది సీతాలూ."

"నవ్వనీ," అంది సీతాలు. "మొన్న నేను నీ వైపు రెక్కెత్తి చూపిస్తే నమ్మారు. ఇవాళ నీ పక్కనే గుడ్లు పొదిగితే, నువ్వు దొంగవి కాదని అదీ నమ్ముతారు."

పోలయ్య తోక ముడుచుకుని ఒక పక్కకు జరిగాడు.

నీతి: మనకు పక్షపాతం లేదనుకోవడం తేలిక, ఎవరి మాట మన చెవిదాకా రావడం లేదో తడిమి చూసుకుని, వాళ్ళున్న చోటికి దిగివచ్చి వినడమే న్యాయం.